పిన్ని ఉత్తరం 286 మందికి, ఎవరి పేరుతో వాళ్ళకి

మైలాపూర్‌లో కపాలీశ్వరర్ గుడికి నాలుగు వీధుల అవతల మా పిన్ని సంగీతం చెబుతుంది. డిసెంబర్ వచ్చిందంటే త్యాగరాజ ఆరాధనకి ప్రాక్టీసు మొదలు. ఎవరి బ్యాచ్ ఏ రోజు, ఏ టైముకి, ఏ కీర్తన చూసుకుని రావాలి అని అందరికీ ఒక ఉత్తరం వెళ్ళాలి. పిల్లలు, పిల్లల తల్లిదండ్రులు, పెళ్ళయి అమెరికా వెళ్ళినా ఆన్‌లైన్లో వచ్చి కూర్చునే పాత శిష్యులు, అంతా కలిపి పోయినసారి 286 మంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఒక లిస్టుకి 256 మందితో ఆగిపోతుంది. పైగా వాళ్ళ ఫోన్లో పిన్ని నంబరు సేవ్ అయి ఉంటేనే అందుతుంది. అదీకాక, "అందరికీ ఒకే ముక్క పంపితే అది నోటీసు అవుతుందే, ఉత్తరం ఎలా అవుతుంది?" అంటుంది. పైన పేరు ఉండాలి, లోపల వాళ్ళ టైము మాత్రమే ఉండాలి.

తొరైపాక్కంలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. కాబట్టి ఇది నా నెత్తిన పడింది. రెండేళ్ళు నేనే పంపాను. పోయినసారి పిన్ని కొడుకుకి ఫోన్లో చెప్పి వాడి చేతే చేయించాను. ఇక్కడ కూడా కమాండ్లను వాడికి చదివి వినిపించినట్టే రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం, పెద్దవి అని నేను చెప్పిన చోట తప్ప, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు నా మొదటి ఏడాది ఘనకార్యం చెప్పుకోవాలి. ఈ పద్ధతిలో సగం దాని పుణ్యమే.

లిస్టు ఫైలు తయారు. ఒక్కో వరస చదువుతూ ఒక్కొక్కరికీ మెయిలు పంపే లూప్ రాశాను. ఉత్తరం ఫైలుని జత చెయ్యడం మర్చిపోయి ఎంటర్ కొట్టాను. రెండు సెకన్లలో అయిపోయింది. అబ్బా ఎంత స్పీడో అనుకున్నాను. లిస్టులో మొదటి పేరు ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారిది, మనవరాలు పిన్ని దగ్గర నేర్చుకుంటోంది. పది నిమిషాలకి ఆయన ఫోన్: "అమ్మా, అందరి పేర్లూ అడ్రసులూ పంపించారు, క్లాసు ఎప్పుడో మాత్రం రాయలేదు." మిగతా ఎవ్వరికీ ఏమీ వెళ్ళలేదు. ఆయన ఒక్కరికే, మిగిలిన లిస్టంతా ఉత్తరంగా వెళ్ళింది.

జరిగింది ఇది. లూప్ లిస్టుని చదివేది స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి, అంటే ప్రోగ్రాములకి సమాచారం లోపలికి వచ్చే మామూలు దారి నుంచి. మెయిలు పంపే ప్రోగ్రాము ఉత్తరం కోసం చూసేది కూడా అక్కడే. ఒకే కుళాయి కింద రెండు బిందెలు. లూప్ ఒక చెంబు నీళ్ళు పట్టుకునేసరికి, మెయిల్ ప్రోగ్రాము మిగతా నీళ్ళన్నీ తన బిందెలో పట్టేసుకుంది. నాకు కాస్త ఊరట ఏమిటంటే, మూకుమ్మడి మెయిళ్ళకి ఆద్యుడుగా చెప్పుకునే గ్యారీ థ్యూర్క్‌కీ ఇలాంటిదే జరిగింది. 1978 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీ తరఫున, ఇంటర్నెట్‌కి పూర్వరూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ప్రకటన పంపబోతే, అడ్రసుల గడిలో పట్టనివన్నీ ఉత్తరం లోపలికి పొర్లాయి.

ఇక పని. కావలసినవి రెండే ప్రోగ్రాములు: మెయిలుని తయారుచేసే మట్, దాన్ని జీమెయిల్ సర్వరుకి అందించే ఎంఎస్ఎంటీపీ. ఉబుంటులో అయితే సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కొట్టి ఈ రెండు పేర్లూ ఇస్తే వచ్చేస్తాయి. మ్యాక్‌లో సుడో ఆప్ట్ బదులు బ్రూ.

సొంత మెయిల్ సర్వర్ పెట్టుకోవచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. కాలేజీలో ఎవరో పోస్ట్‌ఫిక్స్ గురించి చెప్పారట. పోస్ట్‌ఫిక్స్ గొప్పదే. వీట్సె వెనెమా ఐబీఎంలో ఉండగా రాసి 1998లో బయటికి వదిలాడు, ఆఫీసులో నేను రోజూ చూసేది అదే. కానీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద దానికి విలువ లేదు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 25వ పోర్టుని చాలా కంపెనీలు ఇంటి లైన్లలో మూసేస్తాయి. మూయకపోయినా, ఇళ్ళకిచ్చే ఐపీ అడ్రసుల నుంచి నేరుగా వచ్చే మెయిలుని స్పామ్‌హౌస్ లాంటివాళ్ళు పెట్టే నిషేధిత అడ్రసుల లిస్టులు చూసి అవతలి సర్వర్లు గుమ్మంలోనే ఆపేస్తాయి. అందుకని మన ఉత్తరాన్ని జీమెయిల్ చేతికిచ్చి, పంపే పని దానికే వదిలేస్తాం. దానికి వాడేది 587వ పోర్టు.

జీమెయిల్ మామూలు పాస్‌వర్డు ఇక్కడ పనిచెయ్యదు. 2022 మే చివరి నుంచి ఆ దారి మూసేశారు. అకౌంటులో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డు అనేది తీసుకోవాలి. 16 అక్షరాలు ఇస్తుంది. దాన్ని హోమ్ ఫోల్డర్లో డాట్ ఎంఎస్ఎంటీపీఆర్‌సీ అనే ఫైల్లో రాయాలి. ఆ ఫైల్లో వరసకొకటి: హోస్ట్ అని రాసి జీమెయిల్ ఎస్ఎంటీపీ సర్వర్ పేరు, పోర్ట్ 587, టీఎల్ఎస్ ఆన్, ఆథ్ ఆన్, ఫ్రమ్ దగ్గరా యూజర్ దగ్గరా పిన్ని మెయిల్ అడ్రసు, పాస్‌వర్డ్ దగ్గర ఆ 16 అక్షరాలు, లాగ్‌ఫైల్ దగ్గర డాట్ ఎంఎస్ఎంటీపీ డాట్ లాగ్. తర్వాత సీహెచ్‌మాడ్ 600 అని ఆ ఫైలుకి తాళం వెయ్యాలి. పాస్‌వర్డు ఉన్న ఫైలుని వేరేవాళ్ళు చదవగలిగేలా ఉంచితే ఎంఎస్ఎంటీపీ అసలు కదలదు. ఆ మొండితనం నాకిష్టం.

మట్‌కి ఇంకో ఫైలు, డాట్ మట్ఆర్‌సీ. అందులో నాలుగు సెట్ వరసలు: సెండ్‌మెయిల్ ఎవరంటే ఎంఎస్ఎంటీపీ అని దాని పూర్తి దారితో, ఫ్రమ్ అడ్రసు, రియల్‌నేమ్ దగ్గర పిన్ని పేరు తెలుగులోనే, కాపీ ఈక్వల్స్ నో. ఈ నాలుగోది రాయకపోతే పంపిన ప్రతి ఉత్తరానికీ మట్ మన మెషీన్లో ఒక నకలు దాస్తుంది. జీమెయిల్ ఎలాగూ సెంట్ ఫోల్డర్లో పెడుతుంది.

ఇప్పుడు లిస్టు. నిజం చెప్పాలంటే పనంతా ఇక్కడే. పిన్ని దగ్గర ఒక గూగుల్ షీట్ ఉంది, పిల్లల తల్లులు తలా ఒక చెయ్యి వేసి నింపినది. దాన్ని ట్యాబులతో వేరుచేసిన ఫైలుగా, అంటే టీఎస్‌వీగా దింపుకోవాలి. కామాలది వద్దు. "3వ మెయిన్ రోడ్డు, నంగనల్లూర్" అని ఒకరు పేరు గడిలో అడ్రసు కూడా రాశారు, ఆ ఒక్క కామాతో గడులన్నీ ఒకటి పక్కకి జరిగాయి. ట్యాబుని అలాగే వదిలినా తంటానే. మధ్యలో ఒక గడి ఖాళీగా ఉంటే, మన కమాండ్లని నడిపే షెల్ రెండు ట్యాబుల్నీ ఒకటిగా లెక్కేస్తుంది, టైము ఉండాల్సిన చోటికి అడ్రసు వస్తుంది. అందుకే టీఆర్ కమాండుతో ట్యాబులన్నిటినీ నిలువు గీతలుగా మారుస్తాను. పిన్ని షీటులో ఎవరూ నిలువు గీత కొట్టరు. చాలామందికి ఆ కీ ఎక్కడుందో కూడా తెలియదు.

అదే టీఆర్‌తో, హైఫన్ డి పెట్టి, కోట్స్‌లో బ్యాక్‌స్లాష్ ఆర్ అని ఇచ్చి విండోస్ తరహా లైను ముగింపుల్ని చెరిపెయ్యాలి. ఇది కంటికి కనబడదు. వరసలో చివరి గడికి తోకలా అంటుకుని ఉంటుంది. మా షీటులో చివరి గడి మెయిల్ అడ్రసు. తోకతో వెళ్తే కొన్ని ప్రోగ్రాములు దాన్ని అడ్రసులో భాగమే అనుకుంటాయి. క్యాట్ హైఫన్ పెద్ద ఏ అని ఫైలుని చూస్తే ఆ తోక టోపీ గుర్తు, పక్కన పెద్ద ఎమ్ లాగా బయటపడుతుంది. ఆ చూపులో తెలుగు పేర్లన్నీ పిచ్చిగీతల్లా ఉంటాయి, కంగారు పడొద్దు. ఎక్సెల్‌లో సేవ్ చేసిన ఫైలైతే మొదటి పేరు ముందు కనిపించని మూడు బైట్లు కూడా ఉండవచ్చు. మొదటి వరసలో శీర్షికలు ఉంటే వాటితో పాటే తీసి పారెయ్యండి.

ఇంకొకటి. ఫైలు చివరి వరస తర్వాత ఎంటర్ లేకపోతే వైల్ రీడ్ లూప్ ఆ వరసని వదిలేస్తుంది. రెండో ఏడాది ఇలాగే ఒక అమ్మాయికి ఉత్తరం అందలేదు. "నేనేం తప్పు చేశాను టీచర్?" అని అడిగిందట. చివర్లో ఎకో, రెండు 'కంటే ఎక్కువ' గుర్తులు, ఫైలు పేరు. ఒక ఖాళీ ఎంటర్ చేరుతుంది, అంతే.

వరసలు సరిపోయాయో లేదో చూడటానికి డబ్ల్యూసీ హైఫన్ ఎల్. 286 రావాలి. ఆ ఖాళీ వరస వల్ల 287 వచ్చినా ఫరవాలేదు, లూప్‌లో దాన్ని దాటేస్తాం. ఎట్ గుర్తు లేని వరసలు, వెతికే కమాండు గ్రెప్‌కి హైఫన్ వి ఇస్తే తేలతాయి. జీమెయిల్ డాట్ కాన్ అని రాసినవాళ్ళని మాత్రం కళ్ళతో వెతకాల్సిందే. మా లిస్టులో ముగ్గురున్నారు.

ఇక ఉత్తరం. పేరు పెట్టడానికి నేను మొదట సెడ్ వాడాను. మూసలో ఒక గుర్తు పెట్టి, సెడ్‌తో దాన్ని పేరుగా మార్చడం. ఒక గడిలో తల్లిదండ్రులిద్దరి పేర్లూ మధ్యలో అండ్ గుర్తుతో ఉన్నాయి. సెడ్‌లో ఆ గుర్తుకి "ఇంతకు ముందు దొరికినదాన్ని మళ్ళీ ఇక్కడ పెట్టు" అని అర్థం. దాంతో నాన్న పేరు, మూసలో పెట్టిన గుర్తు, అమ్మ పేరు అన్న వరసలో వచ్చింది. అప్పట్నుంచి సెడ్ మానేసి హియర్ డాక్యుమెంట్ వాడుతున్నాను. ఉత్తరాన్ని స్క్రిప్టు లోపలే రాసి, పేరు రావాల్సిన చోట డాలర్ నేమ్ అని, టైము దగ్గర డాలర్ టైమ్ అని పెట్టడమే. దీంతో రెండో మేలు కూడా జరుగుతుంది. ఉత్తరం మట్‌కి సొంత కుళాయి నుంచి వస్తుంది, లిస్టు జోలికి పోదు. బ్యాంకు మేనేజరుగారి కథ మళ్ళీ జరగదు.

తమ్ముడికి చెప్పిన స్క్రిప్టు ఇది, ఒక్కో లైనూ ఒక్కో పేరా అనుకోండి.

వైల్, పెద్ద అక్షరాల్లో ఐఎఫ్ఎస్, ఈక్వల్స్ సింగిల్ కోట్స్‌లో నిలువు గీత, రీడ్ హైఫన్ ఆర్, నేమ్ టైమ్ మెయిల్, సెమికోలన్, డూ.

చదరపు బ్రాకెట్లో హైఫన్ జెడ్, డబుల్ కోట్స్‌లో డాలర్ మెయిల్, బ్రాకెట్ మూసి, రెండు యాండ్ గుర్తులు, కంటిన్యూ. ఖాళీ వరసని దాటడానికి ఇది. బ్రాకెట్లకి లోపలివైపు ఖాళీ వదలాలి.

గ్రెప్ హైఫన్ క్యూ ఎక్స్ పెద్ద ఎఫ్ (మూడూ కలిపి), డబుల్ కోట్స్‌లో డాలర్ నేమ్ నిలువు గీత డాలర్ మెయిల్, సెంట్ డాట్ లాగ్, రెండు యాండ్ గుర్తులు, కంటిన్యూ. ఇప్పటికే పంపేసినవాళ్ళని వదిలెయ్యడానికి.

మట్ హైఫన్ ఎస్, డబుల్ కోట్స్‌లో సబ్జెక్టు, రెండు హైఫన్లు, డబుల్ కోట్స్‌లో డాలర్ మెయిల్, రెండు 'కంటే తక్కువ' గుర్తులు, పెద్ద అక్షరాల్లో ఈఓఎఫ్, రెండు యాండ్ గుర్తులు, ఎకో అని ఇందాకటి పేరూ అడ్రసూ, రెండు 'కంటే ఎక్కువ' గుర్తులు, సెంట్ డాట్ లాగ్.

కింద ఉత్తరం మొత్తం. అది అయ్యాక ఒక లైన్లో ఒంటరిగా, ముందు ఖాళీ లేకుండా, ఈఓఎఫ్.

స్లీప్ 20.

డన్, 'కంటే తక్కువ' గుర్తు, లిస్టు ఫైలు పేరు.

మొదలుపెట్టే ముందు టచ్ సెంట్ డాట్ లాగ్ అని ఖాళీ లాగ్ ఒకటి పెట్టుకోండి, గ్రెప్ నసపెట్టకుండా. లాగ్‌లో అడ్రసు ఒక్కటే రాస్తే చాలదా అని తమ్ముడు తెలివైన ప్రశ్నే వేశాడు. చాలదు. అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే తల్లి అడ్రసు ఇచ్చారు, బ్యాచ్‌లు వేరు. అడ్రసు ఒక్కటే చూస్తే చెల్లెలి ఉత్తరం ఎగిరిపోతుంది.

తెలుగు గురించి ఒక మాట. మెయిలు పుట్టినప్పుడు పై గడుల్లో ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేవీ పట్టవు. ఇప్పటికీ తెలుగు సబ్జెక్టు బేస్64 అనే వేషం వేసుకుని ప్రయాణం చేస్తుంది. కంప్యూటరు అక్షరాల్ని దాచుకునే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు, బేస్64లో అది సరిగ్గా 4 అక్షరాలు. సబ్జెక్టు ముక్కలుగా వెళ్తుంది. ఒక ముక్క మొత్తం 75 అక్షరాలు దాటకూడదు, వేషం ఖర్చే 12 పోతుంది. అంటే ముక్కకి 15 తెలుగు గుర్తులు. గుర్తులంటే మనం లెక్కపెట్టుకునే అక్షరాలు కావు. క్లా అన్నది కంప్యూటరుకి క, పొల్లు, ల, దీర్ఘం, మొత్తం నాలుగు. "ఆరాధన క్లాసులు" ఒక ముక్కలో పడుతుంది, ముందు త్యాగరాజ అని చేర్చామా రెండు ముక్కలు. ఇదంతా మట్ తనే చూసుకుంటుంది. మట్ లేకుండా హెడర్లన్నీ నేనే రాసి నేరుగా ఎంఎస్ఎంటీపీకి ఇచ్చిన రోజున ఈ లెక్క నేర్చుకోవాల్సి వచ్చింది. కొందరికి సబ్జెక్టు చోట పిచ్చిగీతలు వెళ్ళాయి.

లోపలి ఉత్తరానికీ ఒక హద్దుంది. ఒక లైను 998 బైట్లు దాటకూడదని ప్రమాణం. తెలుగులో అది 332 గుర్తులకే నిండిపోతుంది. పిన్ని పేరా మొత్తం అయ్యేదాకా ఎంటర్ నొక్కదు. దీన్నీ మట్ సరిచేస్తుంది, టెర్మినల్ యూటీఎఫ్-8లో ఉంటేనే సుమా. లొకేల్ అని కొట్టి చూసుకోండి. చెప్పిన టైముకి కమాండ్లని దానంతటదే నడిపే క్రాన్‌లో పెట్టి తెల్లవారుజామున పంపిద్దామనుకున్నప్పుడు నేను దెబ్బతిన్నది ఇక్కడే. క్రాన్‌కి మన టెర్మినల్ సెట్టింగులు తెలియవు, తెలుగంతా ముక్కలైపోయింది. అదృష్టం కొద్దీ ఆ పరీక్ష నా అడ్రసు మీదే చేశాను.

కీర్తనల నొటేషన్ అటాచ్ చెయ్యమని పిన్ని అడిగింది. మట్‌లో హైఫన్ ఏ తర్వాత ఫైలు పేరు, ఆ వెనకే రెండు హైఫన్లు, అంతే. కానీ ఆ స్కాన్ 3 ఎంబీ. బేస్64లోకి మారితే 4 అవుతుంది, 286 మందికి 1,144 ఎంబీ. డ్రైవ్‌లో పెట్టి ఉత్తరంలో లింకు ఇచ్చాం.

పంపే ముందు రెండు రిహార్సల్స్. మొదటిది, స్క్రిప్టులో మట్ నుంచి డాలర్ మెయిల్ దాకా ఉన్నదాన్ని తీసి అక్కడ క్యాట్ అని ఒక్క మాట పెట్టడం. ఏ మెయిలూ వెళ్ళదు, 286 ఉత్తరాలూ తెర మీద పారతాయి. స్లీప్ కూడా తీసెయ్యండి, లేకపోతే గంటన్నర పైన చూస్తూ కూర్చోవాలి. అయ్యాక సెంట్ డాట్ లాగ్ చెరపడం మర్చిపోవద్దు, లేదంటే అసలు రోజున అందరికీ పంపేసినట్టే అనుకుని స్క్రిప్టు నోరు మూసుకుంటుంది. రెండోది, మూడు వరసల దొంగ లిస్టు. జీమెయిల్లో మన పేరు తర్వాత ప్లస్ ఒకటి, ప్లస్ రెండు అని చేర్చినా ఉత్తరాలన్నీ మన ఇన్‌బాక్సుకే వస్తాయి. వాటిని కంప్యూటర్లో కాదు, ఫోన్లో చూడండి. పిల్లల తల్లులు చూసేది అక్కడే.

ఈ రిహార్సల్స్ దగ్గర నేనెందుకు ఇంత పట్టుబడతానంటే, మామూలు జీమెయిల్ అకౌంటుకి రోజుకి 500 మంది వరకే. 286 సుఖంగా పడుతుంది. తప్పు టైము పంపి, "క్షమించండి, సరైన టైము ఇది" అని అదే రోజు మళ్ళీ అందరికీ పంపాలంటే మొత్తం 572. మధ్యలో గేటు పడుతుంది, ఒక రోజు దాకా తెరుచుకోకపోవచ్చు. సగం మంది పాత టైముకి, సగం మంది కొత్త టైముకి వస్తారు. పిన్ని హాల్లో ఒకేసారి ముప్పై మంది కంటే పట్టరు.

అసలు రోజున 20 సెకన్ల విరామంతో 286 మందికి పట్టేది గంటా ముప్పై అయిదు నిమిషాలు, ఉత్తరం ఎక్కడానికి పట్టే సెకన్లు అదనం. టీమక్స్‌లో నడపండి, పొరపాటున కిటికీ మూసినా లోపల నడుస్తూనే ఉంటుంది. పోయినసారి 131వ పేరు దగ్గర వానకి మైలాపూర్‌లో కరెంటు పోయి రౌటరు ఆగింది. "అక్కా, మళ్ళీ మొదటి నుంచా?" అని తమ్ముడు ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. నెట్ లేక ఆగిన ఉత్తరాలు లాగ్‌లోకి ఎక్కవు. కంట్రోల్ సి కొట్టి పడుకోమన్నాను. పొద్దున అదే స్క్రిప్టు మళ్ళీ నడిపితే మొదటి 130 మందినీ దాటి, ఆగిన చోటు నుంచి ఎత్తుకుంది.

లాగ్‌లో పేరు పడిందంటే జీమెయిల్ ఉత్తరం పుచ్చుకుందని మాత్రమే. అవతలి ఇంట్లో దిగిందో లేదో తర్వాత తెలుస్తుంది. అడ్రసు తప్పయితే కాసేపటికి మెయిలర్ డీమన్ పేరుతో తిరుగు టపా వస్తుంది. అందులో 550 అని ఉంటే ఎక్కువగా అక్కడ అలాంటి మనిషే లేడని అర్థం, అదే అడ్రసుకి మళ్ళీ పంపడం దండగ. 4తో మొదలయ్యే అంకె ఉంటే తాత్కాలికం, జీమెయిలే ఇంకోసారి ప్రయత్నిస్తుంది. నన్ను తీసెయ్యండి అని ఎవరైనా రాస్తే షీటులోంచే తీసెయ్యాలి, దింపుకున్న ఫైల్లోంచి తీస్తే వచ్చే ఏడాది మళ్ళీ తగులుతారు.

పోయినసారి తిరిగొచ్చినవి నాలుగు. ఆ నలుగురికీ పిన్ని ఫోన్ చేసింది. ఒక్కో ఫోనూ అరగంట.